గుడి, మసీదు, చర్చి కలిసి పేదలకు సాయం చేయాలంటే ఎలా?

"మా ఊళ్లో గుడి కమిటీవాళ్లు, మసీదు పెద్దలు, చర్చివాళ్లు కలిసి పేదలకు ఏదో ఒకటి చేద్దామంటున్నారు. రెండో మీటింగుకే మాటలు పెరుగుతున్నాయి. ఎట్లా నడపాలి?" కావలి, కందుకూరు, కనిగిరి, ఒంగోలు, ఏ వైపు నుంచి అడిగినా ప్రశ్న ఇదే. దీనికి ఎదురు ప్రశ్న వేసేవాళ్లూ ఉన్నారు: "ఇవాళ కలిసి బియ్యం పంచమంటారు, రేపు అన్ని మతాలూ ఒకటేనని మా పిల్లలచేత అనిపిస్తారు. అప్పుడు మా నమ్మకం ఏం కావాలి?"

రెండో ప్రశ్న అడిగినవాళ్లను ఛాందసులని కొట్టిపారేయకండి. ఆ భయానికి జవాబు చెప్పకుండా మొదలుపెట్టిన కమిటీలే ఎక్కువగా విడిపోతాయి. పని ఉమ్మడిగా ఉండొచ్చు, నమ్మకం ఉమ్మడి కానక్కర్లేదు. కింద రాసిన పద్ధతి అంతా ఈ మాట మీదే నడుస్తుంది.

నెల్లూరువాళ్లు వెంటనే ఒకటి అంటారు: "మాకు రొట్టెల పండుగ ఉంది గదా!" నిజమే. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. కానీ అక్కడికి ఎవరి మొక్కు కోసం వాళ్లు వస్తారు. ఉమ్మడి ఖాతా లేదు, లబ్ధిదారుల జాబితా లేదు, ఎవరూ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. కమిటీ అలా నడవదు. పైగా దర్గాలకు వెళ్లడమే సరికాదనే ముస్లింలూ మన ఊళ్లలో ఉన్నారు. ఆ పండుగను చూపించి "చూశారా, అంతా ఒకటే" అన్నారంటే వాళ్లు మొదటి మీటింగులోనే లేచి వెళ్లిపోతారు.

కావలసినవి

- ఒక్కో వర్గం నుంచి ఇద్దరు మనుషులు. ఒకరు అందరితో ఇట్టే కలిసిపోయేవారు, రెండోవారు నియమాలు గట్టిగా పాటించేవారు. రెండో మనిషిని తప్పకుండా తీసుకోండి. కలుపుగోలు మనుషులే చేరిన కమిటీ ఫొటోల్లో బాగుంటుంది, ఊళ్లోకి వెళ్లేసరికి దాని మాట చెల్లదు.
- ఎవరిదీ కాని చోటు: పంచాయతీ ఆఫీసు, స్కూలు, కమ్యూనిటీ హాలు.
- లెక్కలు రాయడానికి ఒకరు. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, పోస్టుమాస్టరో అయితే మంచిది.
- రెండు లాంగ్ నోటుబుక్కులు. ఒకటి జాబితాకు, ఒకటి జమాఖర్చులకు.
- ఊరి సచివాలయంలో పని తెలిసిన మనిషి ఫోన్ నంబరు. బియ్యం కన్నా ఇది ఎక్కువ మందికి పనికొస్తుంది. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

1. పనిని చిన్నగా పట్టుకోండి

"పేదరిక నిర్మూలన కమిటీ" అని బోర్డు పెట్టకండి. ప్రపంచ బ్యాంకు కటిక పేదరికానికి గీసిన గీత 2025 జూన్‌లో రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మారింది. అంత పెద్ద సంస్థే కొలతను తిరగరాసుకుంటూ ఉంటే మన పది మంది ఏం నిర్మూలిస్తాం? కంటికి కనిపించే పని ఒకటి తీసుకోండి.

మన నెల్లూరు, ప్రకాశం వైపు వెతుక్కోనక్కర్లేదు. ఉదయగిరి, కనిగిరి వైపు వలసపోయిన ఇళ్లలో మిగిలిపోయిన ముసలివాళ్లున్నారు. చీమకుర్తి చుట్టుపక్కల క్వారీల్లో పనిచేస్తూ ఊపిరితిత్తులు పాడైనవాళ్లున్నారు. నెల్లూరు వైపు కాలువ గట్ల మీద, చెరువుల పక్కన ఆధార్ కూడా లేని యానాది గిరిజన కుటుంబాలున్నాయి. వీటిలో ఒక్కటే ఎంచుకోండి. "ఈ మూడు వీధుల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు ఆరు నెలలు సరుకులు, మందులు" అన్నంత కచ్చితంగా ఉండాలి.

2. ఎవరు ఏం చేయలేరో ముందే కాగితం మీద పెట్టండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. మొహమాటం అడ్డొస్తుంది. "మనలో మనకు తేడాలేముంటాయి లెండి" అంటూ టీలు తాగి లేస్తారు. తేడాలుంటాయి. మూడో నెలలో, అందరి ముందు, మైకు చేతిలో ఉండగా బయటపడతాయి.

ఒక్కో వర్గానికి ఒక తెల్లకాగితం ఇవ్వండి. పైన "మేము చేయలేనివి" అని రాసి, కింద వాళ్లనే నింపమనండి. మామూలుగా వచ్చేవి ఇలా ఉంటాయి:

- దేవుడికి నైవేద్యం పెట్టిన అన్నం మేం తినలేం. (చాలామంది క్రైస్తవులు, ముస్లింలు)
- హలాల్ కాని మాంసం వద్దు. (ముస్లింలు)
- వడ్డీ సొమ్ము ఈ పనిలో కలపలేం. (ముస్లింలు)
- ఇంకో మతం ప్రార్థనలో గొంతు కలపలేం. (దాదాపు అందరూ)
- సాయం పంచేచోట ఇంకో మతం పుస్తకాలు, కరపత్రాలు పంచితే ఉండలేం. (దాదాపు అందరూ)

ఒక్కటే షరతు పెట్టుకోండి: "నేను చేయలేను" అని ఒకరు రాస్తే మిగతావాళ్లు ఎందుకని అడగకూడదు. కారణం అడిగితే చర్చ మొదలవుతుంది, చర్చ వాదమవుతుంది, బియ్యం గోడౌన్లోనే ఉంటాయి.

ఇలా రాయించడం ఐక్యతను చెడగొట్టడమేనని ఎవరో ఒకరు అంటారు. పెద్దలు ఏం చేశారో చూడమనండి. వివేకానందుడు 1893 సెప్టెంబరు 27న చికాగో సర్వమత మహాసభ ముగింపులో, క్రైస్తవుడు హిందువో బౌద్ధుడో కానక్కర్లేదు, హిందువు క్రైస్తవుడు కానక్కర్లేదు, ఇతరుల్లోని మంచిని తీసుకుంటూనే ఎవరి ప్రత్యేకతను వారు నిలుపుకుని పెరగాలి అన్న అర్థంలో మాట్లాడాడు. 1986 అక్టోబరు 27న పోప్ రెండో జాన్ పాల్ ఇటలీలోని అసిసీకి అన్ని మతాల పెద్దల్నీ పిలిచినప్పుడు పెట్టుకున్న నియమం కూడా ఇదే: ప్రార్థన కోసం కలిసి వస్తాం, కానీ కలిపి ఒకే ప్రార్థన చేయం. ఖురాన్ 109వ సూరా (అధ్యాయం) చివరి వాక్యం "మీ ధర్మం మీకు, నా ధర్మం నాకు" అంటుంది. తేడా చెప్పుకున్నంత మాత్రాన పగ కాదని మూడు వైపుల నుంచీ చూపించవచ్చు.

హెచ్చరిక: "హిందువులు", "ముస్లింలు", "క్రైస్తవులు" అని మూడు ముద్దలుగా చూడకండి. బాప్టిస్టులు, లూథరన్లు, ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్), పెంతెకొస్తు వాళ్లు ఒకే మాట మీద ఉండరు. ఒకే బజారులో ఉన్న రెండు మసీదుల మధ్య, రెండు గుళ్ల మధ్య కూడా తేడాలుంటాయి. ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో కాగితం మీద స్పష్టంగా రాయించండి.

3. డబ్బు: జాబితా ఒకటి, ఖాతాలు వేరు

మొదటి ఏడాది ఉమ్మడి నిధి పెట్టొద్దనేది నా గట్టి సలహా. కారణాలు నమ్మకాలకు సంబంధించినవీ ఉన్నాయి, చట్టానికి సంబంధించినవీ ఉన్నాయి.

జకాత్ అంటే ముస్లింలు ఏడాదికోసారి తమ సంపదలో 2.5 శాతం లెక్కగట్టి ఇచ్చేది. ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. దాన్ని ముస్లిం పేదలకే ఇవ్వాలని ఎక్కువమంది ఉలమాలు (మత పండితులు) చెబుతారు. మన దగ్గర ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో ఆ సొమ్ము పేదవాడి చేతికి సొంతంగా అందాలి. బోరు వేయడానికి, షెడ్డు కట్టడానికి వాడితే చెల్లదు. అదే సదకా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం) అయితే ఏ మతంవాళ్లకైనా ఇవ్వచ్చు. అందుకని మసీదువాళ్లను "జకాత్ తెచ్చి హుండీలో వేయండి" అని అడక్కండి. "జకాత్ మీరే ఇచ్చుకోండి, ఈ పనికి సదకా నుంచి ఎంత తీయగలరు?" అని అడగండి. ప్రశ్న ఇలా మారిస్తే సగం టెన్షన్ పోతుంది.

దేవాదాయ శాఖ కింద ఉన్న గుడి అయితే హుండీ డబ్బు, అన్నదానం డబ్బు ధర్మకర్తలు తమ ఇష్టప్రకారం తీసి ఇవ్వడానికి లేదు. దేనికిచ్చిన సొమ్ము దానికే. కాబట్టి భక్తుల దగ్గర ఈ పని పేరు చెప్పి విడిగా చందా పోగుచేయాలి, విడిగా రసీదు ఇవ్వాలి. ఈఓ గారికి ముందే ఒక మాట చెప్పండి.

చర్చి వైపు చూడాల్సింది విదేశీ విరాళాలు. ఒక సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు గానీ మనిషికి గానీ బదిలీ చేయకూడదని 2020 సవరణ చెబుతోంది. పాస్టర్ గారు మంచి మనసుతో "మా ట్రస్టు నుంచి లక్ష వేస్తాం" అన్నా, అది విదేశీ సొమ్మయితే మీ కమిటీ ఖాతాలోకి రాకూడదు. సభ్యులు చర్చికిచ్చే దశమభాగాల నుంచి ఇస్తామంటే సంఘ పెద్దల తీర్మానం కాపీ తీసుకోండి.

మరి పని ఎలా నడుస్తుంది? వస్తువులుగా పంచుకోండి. ఒకరు బియ్యం, ఒకరు కందిపప్పు, నూనె, ఇంకొకరు ఉప్పు, చింతపండు, బీపీ-షుగరు మాత్రలు. ఎవరి డబ్బుతో వాళ్లు కొని, బిల్లు నకలు లెక్కల పుస్తకంలో అంటించాలి. నెల నెలా వంతు మార్చుకోవచ్చు. ఎవరి సొమ్మూ వారి నియమం తప్పకుండానే సంచి నిండుతుంది.

రెండో ఏడాదికి ఉమ్మడి ఖాతా కావాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేయండి. సేవింగ్స్ ఖాతా తెరిస్తే వడ్డీ పడుతుంది, మసీదువాళ్లకు ఇబ్బంది. కరెంటు ఖాతాలో వడ్డీ ఉండదు. దానికి కనీస నిల్వ ఎంతో, ఛార్జీలు ఎంతో బ్యాంకులో ముందే కనుక్కోండి. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ వేరు వేరు వర్గాలవాళ్లు. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగే దాతలుంటే ఒకటి గుర్తుంచుకోండి: 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు.

4. జాబితా తయారుచేయండి

మూడు వర్గాల దగ్గరా ఇప్పటికే పాత జాబితాలుంటాయి. పండక్కి బట్టలు ఇచ్చినవాళ్లు, రంజాన్‌కు ఫిత్రా (పండగ దానం) ఇచ్చినవాళ్లు, క్రిస్మస్‌కు దుప్పట్లు ఇచ్చినవాళ్లు. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. కొన్ని పేర్లు రెండు మూడు జాబితాల్లోనూ కనిపిస్తాయి. ఎందులోనూ లేని ఇళ్లు కూడా బయటపడతాయి. ఏ గుడికీ, మసీదుకూ, చర్చికీ రెగ్యులరుగా రానివాళ్లు అవి. కలిసి పనిచేయడం వల్ల వచ్చే అసలు లాభం ఈ ఇళ్లు దొరకడమే.

జాబితాలో మతం గడి పెట్టకండి. ఇంటి యజమాని పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, బియ్యం కార్డు ఉందా, పెన్షన్ వస్తోందా, ఆధార్ ఉందా. అంతే. మసీదువాళ్లకు జకాత్ లెక్క కోసం గుర్తు కావాలంటే తమ సొంత కాపీలో పెట్టుకుంటారు.

చివరి మూడు గడులూ ఎందుకంటే, పెన్షన్ రావాల్సిన ముసలమ్మకు అది ఆగిపోయి ఉంటే మీరిచ్చే సంచి ఎంతకాలం సరిపోతుంది? 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000 రూపాయలు. ఒక్క పెన్షన్ తెప్పించగలిగితే ఆ ఇంటికి మీ సంచి కన్నా ఎక్కువే చేసినట్టు. సచివాలయం చుట్టూ తిరగడానికి ఓపికున్న కుర్రాళ్లను ఇద్దర్ని దీనికే కేటాయించండి. ఈ పనిలో ఏ మతానికీ అభ్యంతరం ఉండదు, వంట లేదు, ప్రార్థన లేదు, ఫొటో కూడా లేదు.

5. రోజు, చోటు, తిండి

శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం వద్దు. సోమవారం, శనివారం గుళ్లో రద్దీ. బుధవారం ఉదయం ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు. రంజాన్ నెలలో పగటిపూట భోజనాలు పెట్టకండి. ఒకటో తేదీ దగ్గర పెన్షన్ చేతికొస్తుంది కాబట్టి 20వ తేదీ దాటాక పంచండి. చేయి ఖాళీ అయ్యేది అప్పుడే.

వండి పెట్టాలనుకుంటే శాకాహారం ఒక్కటే మార్గం. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. శాకాహారమైతే చాలని అక్కడితో ఆగొద్దు. వంటమనిషికి పొయ్యి వెలిగించేముందు దాని మీద పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం అలవాటు. ఆయన చేతులు వాటంతట అవే చేసేస్తాయి. అది చూసినవాళ్లలో కొందరు చేయి కడుక్కోకుండానే వెళ్లిపోతారు, మీకు చెప్పరు కూడా. అందుకే ముందురోజే చెప్పండి: "అయ్యా, పూజ మీ ఇంట్లో చేసుకుని రండి, ఇక్కడ పొయ్యి మాత్రం వెలిగించండి." అలాగే వడ్డన మొదలయ్యేముందు మైకులో ప్రార్థన ఎవరూ చేయకూడదు. ఎవరికి వాళ్లు మనసులో అనుకుంటారు. ఇదంతా చాదస్తంగా అనిపిస్తే వంట మానేసి సరుకులే పంచండి. తలనొప్పి తక్కువ.

6. పంచేటప్పుడు

ఒక కాలువ గట్టు మీద సంచులు పంచుతుంటే ఒక అవ్వ సంచి తీసుకోకుండా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఏ గుర్తూ లేదు. "ఇది గుడిదా, చర్చిదా నాయనా?" అంది. "అందరిదీ అవ్వా" అన్నాడు ఇచ్చే కుర్రాడు. అవ్వ ఇంకా పట్టుకోలేదు. "తీసుకుంటే ఏడికి రమ్మంటారు?" ఎక్కడికీ రానక్కర్లేదని అతను రెండుసార్లు చెప్పాక గానీ సంచి చంకన పెట్టుకోలేదు.

ఆ అనుమానం పేదవాళ్లకు ఊరికే రాలేదు. అందుకే సంచి మీద ఏ దేవుడి బొమ్మా, ఏ సంస్థ ముద్రా వద్దు. మూడు గుర్తులూ పక్కపక్కన వేయడం ఇంకా వద్దు. దాన్నే "అన్నీ ఒకటే" అని చదివేవాళ్లుంటారు.

పంచే రోజునే కాదు, పని నడిచినన్నాళ్లూ జాబితాలోని ఇళ్లకు మత ప్రచారం కోసం కమిటీ మనుషులెవరూ వెళ్లకూడదని రాసుకోండి. ఇది కొత్త సంగతేమీ కాదు, మన ఒంగోలులోనే జరిగింది. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కరవు బాధితులకు కూలి పని ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడుగుతూ వచ్చినవాళ్లకు వెంటనే ఇవ్వలేదు, తిండి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని నెలల తరబడి ఆపాడు. సాయం ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంత జాగ్రత్త పడ్డా "అన్నం కోసం చేరారు" అన్న మాట మాత్రం ఆగలేదు. ఆ మతమార్పిడుల గురించి మీ కమిటీలో ఎవరి అభిప్రాయం వారికుంటుంది, దాన్ని ఇక్కడ తేల్చకండి. సాయానికీ ప్రచారానికీ మధ్య ఎడం ఉండాలన్నంతవరకు అందరూ సంతకం పెట్టగలరు.

నియమం రాయడానికి నమూనా కావాలంటే 1994లో రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి పెట్టుకున్న ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో రెండోది జాతి, మతం చూడకుండా అవసరాన్ని బట్టే సాయం చేయాలంటుంది. మూడోది సాయాన్ని రాజకీయానికీ మతానికీ వాడకూడదంటుంది. ఈ రెండూ తెలుగులో రాసి సంతకాలు తీసుకుంటే చాలు.

7. దూరదేశాల పేదల కోసం కూడా చేయాలనుకుంటే

కాలేజీ పిల్లలు ఇది ఎక్కువగా అడుగుతారు. "ఆఫ్రికాలో ఆకలి సంగతేంటి, మన వీధి వరకేనా?" మంచి ప్రశ్నే. కానీ ఊరి కమిటీ పేరుతో చందా పోగుచేసి విదేశాలకు పంపే పని పెట్టుకోకండి. నియమాలు చాలా ఉంటాయి, లెక్క అడిగితే చూపించడమూ కష్టం. యునిసెఫ్ లాంటి పెద్ద సంస్థలకు ఎవరికి వారు నేరుగా ఇచ్చుకోవచ్చు. కమిటీ చేయగలిగింది, ఏడాదికోసారి మూడు చోట్లా ఆ విషయం మాట్లాడించడం.

దీనికీ ఒక దారి పడి ఉంది. 2015 ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు చొరవతో 30 మందికి పైగా వివిధ మతాల పెద్దలు, సంస్థల ప్రతినిధులు కలిసి 2030 నాటికి కటిక పేదరికం పోవాలని ఒక ప్రకటన చేశారు. లక్ష్యం దగ్గర కలిశారు గానీ, దేవుడి గురించి ఒకే నిర్వచనం రాయడానికి కూర్చోలేదు. మీరూ అలాగే చేయండి. విషయం ఒకటే ఇవ్వండి, ఉపన్యాసం మాత్రం ఎవరి చోట వారిదే. గుళ్లో భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ప్రతిఫలం ఆశించని దానం గురించి చెప్పుకుంటారు. చర్చిలో కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి సువార్త మాట చెప్పుకుంటారు. మసీదులో "మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరం" అని అన్నం పెట్టేవాళ్ల గురించిన 76వ సూరా చదువుతారు. ఆ మూడూ కోసి ఒకే కరపత్రంగా అతికించాలన్న ఆశ పుడుతుంది. వద్దు. ఎవరి మాట వారి నోట వింటేనే చందా కూడా ఎక్కువ వస్తుంది.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్ద తప్పు ఉమ్మడి ప్రతిజ్ఞ. ఉత్సాహవంతుడైన మాస్టారొకరు "దేవుడొక్కడే, పేర్లే వేరు" అని మొదలుపెట్టి రాసుకొస్తారు. అది కూడా ఒక మత సిద్ధాంతమే, అందరూ ఒప్పుకునేది కాదు. ప్రతిజ్ఞ కావాలంటే పని గురించి రాయించండి: ఇన్ని ఇళ్లు, ఇన్ని నెలలు, లెక్క ఫలానా తేదీన.

ఎన్నికల ముందు మొదలుపెట్టడం ఇంకొకటి. పార్టీ కండువా ఒక్కటి కనిపించినా మిగతా కష్టమంతా వృథా. ఫొటోల సంగతీ అంతే. ముసలివాళ్లను వరసగా నిలబెట్టి, చేతిలో సంచి పెట్టి, పెద్దమనుషులు ఆరుగురు ఆ సంచిని పట్టుకుని నిలబడే ఫొటో ఎవరికీ మర్యాద కాదు. లెక్క కోసం ఫొటో కావాలంటే సరుకుల కుప్పను తీయండి.

ఒకరి పండక్కి ఇంకొకరు తప్పనిసరిగా రావాలనే పట్టింపు కూడా చెడగొడుతుంది. పిలవండి. రాకపోతే అడక్కండి.

సరిగ్గా నడుస్తోందా, ఎలా తెలుసుకోవాలి?

మూడు నెలలకోసారి ఇవి చూడండి.

జాబితాలోంచి ఐదు ఇళ్లు చీటీలు తీసి ఎంచుకుని, కమిటీలో లేని మనిషిని పంపండి. సరుకులు అందాయా, తూకం సరిపోయిందా, దేనికైనా రమ్మన్నారా అని ఆ మనిషి అడగాలి. మూడో ప్రశ్నకు ఒక్క ఇంట్లో "అవును" వచ్చినా సీరియస్‌గా తీసుకోండి.

ఎన్ని పెన్షన్లు, కార్డులు, ఆధార్లు కొత్తగా వచ్చాయో లెక్కపెట్టండి. సంచుల సంఖ్య పెరుగుతూ ఈ అంకె సున్నా దగ్గరే ఉంటే మీరు పంచుతున్నారంతే, ఎవరినీ పైకి తేవడం లేదు.

మొదట్లో తీసుకున్న ఆ గట్టి నియమాల మనుషులు ఇంకా మీటింగులకు వస్తున్నారా చూడండి. మానేసి ఉంటే ఫోనులో కాదు, ఇంటికి వెళ్లి అడగండి. ఎక్కడో వాళ్ల మనస్సాక్షికి పడనిది ఒకటి జరిగి ఉంటుంది, మొహమాటానికి చెప్పి ఉండరు. అదేమిటో తెలిశాక "మేము చేయలేనివి" కాగితంలో కొత్త వరసగా చేర్చి, తర్వాతి పంపిణీకి ముందే అందరికీ చదివి వినిపించండి.